పెద్దల మాట, పాత బావి.. ఇవీ పట్టాకు సాక్ష్యాలే

అల్మాస్‌గూడ, బడంగ్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు చేన్లు, తోటలే. ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్లు, మేడలే. ఇక్కడ భూమి ఎవరిదని అడిగితే రైతు ముందుగా పహాణీ, పాసుపుస్తకం తీసి చూపిస్తాడు. కాగితం ఉన్నోడిదే భూమి అన్నది మనకు అలవాటైన లెక్క. మరి తాతల నాటి నుంచి అడవిలో సేద్యం చేస్తున్న గోండు, కొలాం, కోయ రైతుల సంగతేమిటి? వాళ్ల తాతలకు ఎవరూ రసీదు ఇచ్చిన పాపాన పోలేదు.

ఈ చిక్కు విప్పడానికి వచ్చిందే 2006 అటవీ హక్కుల చట్టం. కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు, ఊరి పెద్దల మాట, పాత బావి, బొందలగడ్డ, దేవుడి చోటు కూడా సాక్ష్యాలేనని దీని నియమాలు చెబుతున్నాయి. అయితే ఈ సంగతి తెలియక, 'కాగితాలు లేవు' అన్న మాటకు తలూపి వెనక్కి వచ్చే వాళ్లు ఉన్నారు.

పోరు నుంచి చట్టం దాకా

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో పశువులు మేపినా పన్నే, కట్టె కొట్టినా పన్నే. సాగు భూముల నుంచి గోండులను వెళ్లగొట్టారు. దానిపై కొమురం భీం తిరగబడ్డాడు. నీరు, అడవి, భూమి మావేనని, మా పన్నెండు ఊళ్లను మేమే ఏలుకుంటామని అడిగాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతే నిజాం సర్కారు కళ్లు తెరిచి, గోండుల కష్టాలు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ని పంపింది.

తర్వాత చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి మారకుండా 1970లో 1/70 చట్టం తెచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇస్తూ 1996లో 'పెసా' వచ్చింది. 1997 జూలైలో 'సమత' కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం సర్కారుకైనా కుదరదని తేల్చింది.

ఆచారమే కంచె

భాషను, ఆచారాన్ని నిలబెట్టుకోవడం పండుగ నాటి ముచ్చట మాత్రమే అనుకోవద్దు. అది భూమికి కంచె లాంటిది. కేస్లాపూర్‌లో నాగోబా గుడిని మెస్రం వంశం వాళ్లు సొంతంగా చందాలు వేసుకుని కొత్తగా కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి రాతప్రతులు ఆ భాషకు సొంత లిపి ఉందని లోకానికి చూపాయి. 2018లో ఆ లిపి కంప్యూటర్ల కోసం వాడే యూనికోడ్‌లో చేరింది. తాత ఎక్కడ దున్నాడో, ముత్తాతను ఎక్కడ పూడ్చారో చెప్పగల ముసలాయన ఉన్న ఊరికి గ్రామసభలో బలం ఉంటుంది. ఆ ముచ్చట్లు రాసి పెట్టుకోకపోతే ఆయనతోపాటే సాక్ష్యమూ పోతుంది.

ఇది మన దగ్గరి మాటే కాదు. కెనడాలో గిట్‌క్సన్, వెట్‌సువెటెన్ తెగల పెద్దలు నోటితో చెప్పిన వంశ కథలకు 1991లో కింది కోర్టు విలువ ఇవ్వలేదు. 1997 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి, పెద్దల నోటి చరిత్రను కాగితాలతో సమానంగా తూచాలని చెప్పి, కేసును మళ్లీ విచారించమంది.

పట్టా ఎవరికి?

2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి అడవి భూమి సాగుచేస్తూ, ఆ అడవి మీదే బతుకుతున్న గిరిజనులు అర్హులు. షెడ్యూల్డ్ ప్రాంతమే కానక్కర్లేదు. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు చూపాలి. సాగులో ఉన్న మేరకే, అదీ 4 హెక్టార్లకు మించకుండా ఇస్తారు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఉంటుంది. పిల్లలకు వస్తుంది గాని అమ్ముకోవడానికి లేదు. 2023లో తెలంగాణలో సుమారు లక్షన్నర మందికి, 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు.

ఏం చూపాలి?

ఒక్క సాక్ష్యం చాలదు. ఒకటికి మించి ఉండాలి. కింది వాటిలో మీకు ఏవి ఉన్నాయో చూసుకోండి.

* ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు.
* ఇల్లు, చదును చేసిన మడి, గట్లు, చెక్‌డ్యాములు.
* పాత బావి, బొందలగడ్డ, దేవుడి స్థలం.
* నిజాం నాటి పటాలు, రికార్డులు. వాటిలో పేరున్న పెద్దల దాకా కలిపే వంశవృక్షం.
* ఊరి పెద్దల వాంగ్మూలం. ఇది రాతలో ఉండాలి. దరఖాస్తు పెట్టినవాడే చెబితే చెల్లదు.

ఉపగ్రహ ఫొటోలో పొలం కనబడలేదని ఎవరైనా అంటే భయపడొద్దు. ఆ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదని నియమాల్లో ఉంది.

మరవకూడని సంగతులు

గ్రామసభ పిలిచినప్పుడు దరఖాస్తు అటవీ హక్కుల కమిటీకి ఇయ్యాలి. రసీదు తీసుకోవాలి. కమిటీ పొలం చూడటానికి వచ్చిన రోజు మీరు దగ్గరుండి హద్దులు చూపించాలి. గ్రామసభలో సగం మందికి తక్కువ కాకుండా రావాలి. వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అక్కడి నుంచి ఫైలు డివిజన్ కమిటీకి, తర్వాత కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది.

కాదంటే కారణం రాసి ఇయ్యాలి. నోటిమాటతో ఊరుకోవద్దు. పై కమిటీకి అప్పీలు చేసుకోవడానికి 60 రోజుల గడువుంది. గడువు దాటితే నష్టం మీకే. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరణకు గురైన వాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు దేశమంతా గూడేలు గాబరా పడ్డాయి. ఆ నెల 28న కోర్టే ఆ ఉత్తర్వును ఆపింది. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ భూమి నుంచి కదిలించకూడదన్నది చట్టంలోని 4వ సెక్షన్ మాట.

గూడెం, తండా నుంచి పట్నం పక్కకు కూలికి వచ్చిన వాళ్లు మీ పొలంలోనో, మీ ఇల్లు కట్టే చోటో పనిచేస్తుంటే ఈ సంగతి చెప్పండి. ఊళ్లో ఉన్న ముసలివాళ్ల మాట ఇవాళే రాయించి పెట్టుకోమనండి.