ఛాయాచిత్రకారునకు వీడియో కెమెరా

నెల్లూరు సీమలో పెండ్లి ఫొటోలు తీయువారిని నేడు వీడియో కూడ తీయుమనుచున్నారు. తక్కువ వెలలో ఏ కెమెరా కొనవలెను? 2008లో కానన్ 5డి మార్క్ 2 వచ్చిన నాటినుండి ఫొటో కెమెరాయే పూర్తి హెచ్.డి. వీడియో తీయుచున్నది. కనుక తమ వద్దనున్న లెన్సులు అమరునదే చౌక. లెన్సులన్నియు మరల కొనిపించునది ఎంత తక్కువ వెలదైనను చౌక కాదు. కొన్ని కెమెరాలు 29 నిమిషముల 59 సెకన్లకు ఆగిపోవును. మాంగల్యధారణ వానికొరకు ఆగదు. ఇది ముందే విచారింపవలెను. మన విద్యుత్తు 50 హెర్ట్జులది గనుక సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 ఉంచినచో పందిరి దీపములు సాధారణముగా మిణుకుమనవు.

మిగిలిన సొమ్ము మైకునకు. ధ్వనితో బ్రతుకు మాకు ఇది పక్షపాతమే కావచ్చును. కాని మైపాడు ఒడ్డున గాలి మాటలను మ్రింగివేయును. బయటి మైకు తగిలించుటకును, హెడ్‌ఫోనుతో వినుటకును వీలులేని కెమెరాను, బొమ్మ ఎంత చక్కనిదైనను, మేము కొనము. మైకునకు బొచ్చుతొడుగు కూడ ఆనాడే కొనవలెను.