ఆ గోపీచంద్ కాదు... ఈ గోపీచంద్!

విలన్ ఇవ్వబోయిన నోట్లకట్టను హీరో అతని మొహానే కొట్టి వెళ్లిపోతే థియేటర్ ఈలలతో దద్దరిల్లిపోతుంది. షాట్ అయ్యాక చూస్తే అవి ఉత్త కాగితాలే! మరి నిజం నోట్లను నిజంగానే వద్దన్న మనిషి మన హైదరాబాద్‌లోనే ఉంటే?

ఉన్నాడు. పేరు గోపీచంద్. "యజ్ఞం" హీరో అనుకునేరు... కాదు! ఆ గోపీచంద్ "తొలివలపు"తో హీరోగా పరిచయమైన 2001లోనే, ఈ పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ రాకెట్‌తో ఇంగ్లండ్‌లో జెండా ఎగరేశాడు. ఆ ఏడాది మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. అంతకుముందు ఆ టైటిల్ తెచ్చిన భారతీయుడు ఒక్కరే! దీపికా పదుకొణె నాన్నగారు ప్రకాశ్ పదుకొణె, 1980లో. గోపీచంద్‌కేమో 1994లో మోకాలు దెబ్బతిని, ఆపరేషన్ల పాలైంది. ఇక ఆడలేడన్న మనిషి ఛాంపియన్ అయ్యాడన్నమాట.

తాగనిది అమ్మడట!

గెలిచినవాడి గుమ్మం ముందు కంపెనీలు క్యూ కడతాయి గదా! కోకాకోలా వారూ వచ్చారు. గోపీచంద్ వద్దన్నాడు. కారణం చాలా చిన్నది. ఆరోగ్యానికి మంచిది కాదని తాను కూల్‌డ్రింకులు మానేశాడు. తాను తాగనిదాన్ని నలుగురినీ తాగమని ఎలా చెప్పడం?

థమ్సప్ యాడ్స్‌లో చిరంజీవిని, మహేష్‌బాబును చూసి మురిసిపోయిన వాళ్లమే మనం. వారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ బ్యాడ్మింటన్ అంటే సినిమా కాదు, క్రికెట్టూ కాదు. అలాంటి చెక్కు రోజూ రాదు!

ఆ తర్వాతే అసలు కథ. అకాడమీ కోసం 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు కేటాయించింది. కట్టడానికి డబ్బేదీ? సొంతిల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్లు ఇచ్చి, ఒలింపిక్ మెడల్ తేవాలన్నారు. 2008కి గానీ అకాడమీ తయారు కాలేదు.

నమ్మిన మాట కోసం ఇంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బాక్సర్ ముహమ్మద్ అలీ 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ ఊడబెరికారు, మూడేళ్లకు పైగా రింగ్‌లోకి రానివ్వలేదు. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది గానీ, పోయిన వయసు తిరిగొస్తుందా? ఆయన కథతో విల్ స్మిత్ నటించిన "అలీ" కూడా 2001లోనే వచ్చింది, చూసే ఉంటారు. గోపీచంద్‌కు ఎవరూ శిక్ష వెయ్యలేదు. సరే అని సంతకం పెట్టినా వేలెత్తి చూపేవారు లేరు. అడిగేవాళ్లెవరూ లేనప్పుడు కూడా వద్దన్నాడే, అదీ నాకు నచ్చింది!

షామీర్‌పేటలో పేచీ

మొన్నామధ్య ఓ షూటింగ్ కవరేజీకి షామీర్‌పేట వెళ్లాను. హీరోగారి షాట్ ఆలస్యమైంది. టీ కొట్టు దగ్గర మేడ్చల్ కుర్రాళ్లిద్దరు కలిశారు, డిగ్రీ చదువుతున్నారట. మాటల్లో ఈ సంగతి చెప్పాను.

"ఏందన్నా, గట్ల జేసిండు?" అన్నాడొకడు. "ఆ పైసలు తీస్కుంటే ఇల్లు తాకట్టు పెట్టే పనే లేకుండె గదా! అకాడమీ గూడ జల్దీ అయితుండె."

కొట్టిపారేసే ప్రశ్న కాదది. ఆ డబ్బు మంచి పనికే కదా! ఒకడి పట్టుదలకు ఇంట్లోవాళ్లు, ఆట నేర్చుకోవాలనుకున్న పిల్లలు కూడా మూల్యం చెల్లించినట్టే కదా!

నేను తటపటాయిస్తుంటే రెండోవాడు అందుకున్నాడు. చిన్నప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఉన్న హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చదివాడట. 1993లో మొదలైన సర్కారు బడి అది. పరుగు, గెంతు పరీక్షలు పెట్టి, నాలుగో తరగతిలోనే పిల్లల్ని తీసుకుంటారు. ఉండేది హాస్టల్లోనే.

"అరేయ్, సార్ మాకన్న ముందుగాల గ్రౌండుల ఉంటేనే మేం ఉరికేటోళ్లం. ఆయన పండుకొని మమ్మల్ని ఉరకమంటే ఎవడింటడు రా? రాత్రి టీవీల కూల్‌డ్రింకు తాగుకుంట కనబడి, పొద్దుగాల పిల్లలకు తాగొద్దంటే నవ్వరా?"

నాకు దొరకని జవాబు ఇదే! రియో ఒలింపిక్స్ ముందు పి.వి. సింధు దగ్గర్నుంచి మూడు నెలలు ఫోన్ తీసేసుకున్నాడు కోచ్ గోపీచంద్. ఐస్‌క్రీమ్ కూడా వద్దన్నాడు. ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి, విన్నది! 2016 ఆగస్టు 19న వెండి పతకం తెచ్చింది. అంతకుముందు 2012 లండన్‌లో ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్ కంచు పతకం తెచ్చింది. శిష్యుల దగ్గర ఆయన "వద్దు" చెల్లడానికి, తానే ముందు అన్న ఆ 2001 నాటి "వద్దు" కూడా ఒక కారణమని నా నమ్మకం.

మొదటి కుర్రాడు ఒప్పుకున్నాడా? ఊహూఁ! "అయినా ఇల్లంటే మస్తు రిస్కన్నా" అంటూనే ఉన్నాడు. అతని మాటా కాదనలేం. రిస్కు లేకపోతే మనం దాన్ని త్యాగం అంటామా?

కటౌట్లకు పాలాభిషేకాలు చేసే మిత్రులారా, చెయ్యండి, కాదనను. కానీ ఈసారి టీవీలో మీ అభిమాన హీరో ఏదైనా కొనమంటే, అది ఆయనింట్లో వాడతారా అని ఒక్కసారి ఆలోచించండి. వాడతారనిపిస్తే నిక్షేపంగా కొనుక్కోండి!