సెప్సిస్ చికిత్స – నూతన మార్గాలు

వోల్ఫ్స్‌బర్గ్‌లో పాత తరం జర్మనులు నేటికీ "బ్లూట్‌ఫెర్గిఫ్టుంగ్" అంటారు. రక్తం విషపూరితం కావడమని అర్థం. గాయం నుండి ఎర్రని గీత బయలుదేరి గుండెను చేరితే ప్రాణం పోతుందని వారిలో ఒక నమ్మకం. రక్తంలో విషం చేరిందన్న మాట మన ఇళ్ళలోనూ విన్నదే. నిజానికి సెప్సిస్ ఎక్కువగా ఊపిరితిత్తులలోనో, మూత్రనాళంలోనో మొదలవుతుంది. అక్కడ ఏ గీతా కనిపించదు.

1914లో హాంబర్గ్ వైద్యుడు హ్యూగో షోట్‌ముల్లర్, ఒక స్థావరం నుండి సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడడమే సెప్సిస్ అని నిర్వచించారు. నేరం సూక్ష్మజీవిదే అన్నమాట! 2016 నాటి నిర్వచనం నేరంలో సగం మన దేహానికే అంటగట్టింది. సూక్ష్మజీవులను ఎదుర్కొనవలసిన రక్షణవ్యవస్థ అదుపు తప్పి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు వంటి సొంత అవయవాలనే దెబ్బతీయడం సెప్సిస్.

ఈ విజృంభణను అణచే ఔషధం కోసం దశాబ్దాలుగా అన్వేషణ సాగింది. 2001లో అమెరికాలో ఆమోదం పొందిన "జైగ్రిస్" ఎన్నో ఆశలు రేపి, ప్రయోజనం రుజువు కాక 2011లో బజారు నుండి వైదొలగింది. జర్మనీలోనే జరిగి 2008లో ప్రచురితమైన ఒక పరిశోధన, రక్తపోటు నిలిపేందుకు ఎక్కించే స్టార్చ్ ద్రవం మూత్రపిండాలకు చేటని తేల్చింది. మేలనుకున్నది కీడని తెలియడమూ శాస్త్రపురోగతే కదా!

ఈ వైఫల్యాలకు ఒక కారణం, రోగులందరికీ ఒకే మందు వాడడమని నేటి పరిశోధకుల అభిప్రాయం. ఒకరిలో రక్షణవ్యవస్థ మంటలా చెలరేగితే, మరొకరిలో అలసి చల్లబడిపోతుంది. రక్తపరీక్షతో ఈ తేడా గుర్తించి, మొదటివారికి మంటను తగ్గించే అనకిన్రా, రెండవవారికి రక్షణకణాలను మేల్కొలిపే ఇంటర్‌ఫెరాన్ గామా ఇచ్చి చూసే ప్రయోగాలు యూరప్‌లో జరిగాయి. ఒకరికి అమృతమైనది వేరొకరికి విషం కావచ్చు గనుక ఈ విచక్షణే కీలకం.

యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిముల విషయంలో వోల్ఫ్స్‌బర్గ్‌కు పొరుగునున్న బ్రౌన్‌ష్వైగ్ నగరాన్ని ప్రస్తావించాలి. బాక్టీరియాను భక్షించే ఫేజ్ అనే వైరస్‌లను ఔషధంగా తీర్చిదిద్దే కృషి 2017 నుండి అక్కడి సంస్థల భాగస్వామ్యంతో సాగింది. దాని లక్ష్యం సెప్సిస్ కాదు, ఊపిరితిత్తులలో తిష్ఠవేసే సూడోమొనాస్. అయితే సెప్సిస్ కారకాలలో అదీ ఒకటి. 2016లో అమెరికాలోని శాన్ డియాగోలో మృత్యుముఖంలో ఉన్న టామ్ పాటర్సన్ అనే ఆచార్యునికి రక్తనాళం ద్వారా ఫేజ్‌లను ఎక్కించగా ఆయన కోలుకున్నారు. ఒక్కరి ఉదంతం సిద్ధాంతం కాజాలదు. ఫేజ్ చికిత్స ఇంకా సాధారణ వైద్యంలో భాగం కాలేదు.

ఇప్పటికి చేతిలో ఉన్న గొప్ప ఔషధం కాలమే. రక్తపోటు పడిపోయిన సెప్సిస్ రోగులకు, తొలి ఆరు గంటలలో సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బ్రతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006 నాటి ఒక అధ్యయనం. అందుచేత స్వదేశం నుండి వచ్చిన వృద్ధ తల్లిదండ్రులు అకస్మాత్తుగా తికమకగా మాట్లాడినా, ఆయాసపడినా, చర్మం చల్లబడి మచ్చలు తేలినా జ్వరం లేదుకదా అని ఉపేక్షించరాదు. వృద్ధులలో, పసివారిలో జ్వరం రాకపోవచ్చు. వెంటనే 112కు ఫోన్ చేసి, వచ్చిన వైద్యుని "క్యోంటె ఎస్ జెప్సిస్ జైన్?", అంటే ఇది సెప్సిస్ కావచ్చునా అని అడగవచ్చు. జర్మనీలోని అవగాహన ఉద్యమం ప్రజలకు నేర్పుతున్న ప్రశ్న ఇదే.