లాండ్రీ వెనుక గదిలో గుండ్ల అచ్చు

తుపాకీ గుండు అనగానే ఎవరికైనా ఎత్తయిన ప్రహరీ, గేటు దగ్గర కాపలా, లోపల పెద్ద యంత్రాలు ఉన్న కర్మాగారం గుర్తుకు వస్తుంది. కాని అమెరికాలో ఇంటి వద్దనే గుండ్లు, తూటాలు తయారు చేసుకునే వారికి సామాను అందించి పేరు పొందిన ఒక కంపెనీ, ఒక లాండ్రీ షాపు వెనుక గదిలో పుట్టిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఊరు కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓరోవిల్. ఆ లాండ్రీ యజమాని కుమారుడు ఫ్రెడ్ హంటింగ్టన్. సంవత్సరం 1943.

అది రెండవ ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న కాలం. రాగి, ఇత్తడి, సీసం అన్నీ సైన్యం అవసరాలకే పోయేవి. వేటగాళ్లకు, గురి పోటీలలో పాల్గొనేవారికి బజారులో మంచి గుండ్లు దొరకడం గగనమయింది. దొరకని వస్తువును స్వయంగా చేసుకోవాలన్న పట్టుదలతో హంటింగ్టన్ అచ్చులు తయారు చేయడానికి పూనుకున్నారు. రాళ్ల గుట్టల్లో బొరియలు చేసుకుని బతికే, ఉడుత జాతికి చెందిన ఒక జంతువును అక్కడివారు రాక్ చక్ అంటారు. దానిని చాలా దూరం నుంచి కొట్టాలి గనుక గురి తప్పని గుండు కావాలి. అందుకే ఆయన తన అచ్చుకు 'రాక్ చక్ బుల్లెట్ స్వేజ్' అని పేరు పెట్టారు. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలే తర్వాత 'ఆర్.సి.బి.ఎస్.' అనే కంపెనీ పేరయ్యాయి.

పారవేసినదే పనికి వచ్చింది

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో తూటా, గుండు ఒకటే అన్నట్లు మాట్లాడుకుంటాం. నిజానికి మందు, ఇత్తడి గొట్టం, గుండు కలిస్తేనే తూటా. గురి చూసినచోటికి ఎగిరిపోయేది దాని కొనన ఉన్న గుండు మాత్రమే.

పాతకాలపు గుండు ఉత్త సీసం. సీసం మెత్తని లోహం. తుపాకుల వేగం పెరిగిన కొద్దీ ఆ సీసం గొట్టం లోపలి గోడలకు అంటుకుపోవడం మొదలయింది. దానికి విరుగుడుగా 1882లో స్విట్జర్లండుకు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ సీసానికి రాగి తొడుగు వేసిన గుండును రూపొందించారు. అప్పటి నుంచి రైఫిలు గుండు అంటే పైన రాగి తొడుగు, లోపల సీసం అన్నమాట.

యుద్ధకాలంలో ఈ రాగి తొడుగే కరువయింది. దానికి వారు కనిపెట్టిన ఉపాయం చూడదగినది. 'పాయింట్ 22' అనే చిన్న తూటాలను ఒకసారి పేల్చిన తర్వాత వాటి ఇత్తడి గొట్టాలు మళ్లీ నింపడానికి పనికిరావు. పారవేయవలసిందే. ఆ ఖాళీ గొట్టాలను ఏరి తెచ్చి, అచ్చులో నొక్కి, అడుగున ఉన్న అంచును సాపు చేసి, వాటినే గుండ్లకు తొడుగుగా మార్చారు. హంటింగ్టన్ ఒక్కరే కాదు, అదే కాలంలో వెర్నన్ స్పియర్, జాయిస్ హోర్నడీ కూడా ఈ దారినే నడిచారు. హోర్నడీ 1949లో నెబ్రాస్కా రాష్ట్రంలోని గ్రాండ్ ఐలాండ్‌లో సొంతంగా గుండ్ల వ్యాపారం మొదలు పెట్టారు. స్పియర్, హోర్నడీ అనే పేర్లు ఈనాటికీ అక్కడి తూటా పెట్టెల మీద కనిపిస్తాయి.

పోత కాదు, నొక్కుడు

సీసాన్ని కరిగించి మూసలో పోసి గుండు చేయడం పాత పద్ధతి. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. పోత పోసినప్పుడు లోపల ఎక్కడైనా చిన్న గాలి బుడగ ఉండిపోవచ్చు. పైకి కనిపించదు గాని తూకంలో తేడా వస్తుంది. హంటింగ్టన్ వంటి వారు పట్టుకున్నది మరో పద్ధతి. ఇందులో పొయ్యి లేదు, మూస లేదు. గట్టి ఉక్కుతో చేసిన అచ్చులో చల్లని సీసం ముక్కను పెట్టి ప్రెస్సుతో బలంగా నొక్కుతారు. అంత ఒత్తిడిలో సీసం మైనంలా జరిగి అచ్చులోని ప్రతి మూలకూ చేరుతుంది. బుడగకు చోటుండదు. ఎక్కువైన సీసం సన్నని రంధ్రం గుండా బయటికి పోతుంది గనుక ప్రతి ముక్కా ఒకే తూకానికి వస్తుంది. తర్వాత దానిని తొడుగులో కూర్చి, మరో అచ్చులో కొన తీరుస్తారు.

ఈ తూకానికి అక్కడివారు వాడే కొలత పేరు గ్రెయిన్. అంటే గింజ. ఒక గ్రాముకు దాదాపు 15న్నర గ్రెయినులు. మన కంసాలులు బంగారాన్ని గురిగింజ ఎత్తుతో తూచినట్లే, ఇంగ్లీషువారు పూర్వం బార్లీ గింజ ఎత్తును కొలతగా పెట్టుకున్నారు. తుపాకీ గుండును నేటికీ ఆ గింజ లెక్కలోనే తూస్తుండడం విశేషం.

బొంగరం నీతి

ఇంత పట్టింపు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. రైఫిలు గొట్టం లోపల మరచుట్ల వంటి గాడులుంటాయి. వాటి వెంట నడిచిన గుండు గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టం నుంచి సెకనుకు 3,000 అడుగుల వేగంతో వెళ్లే గుండు, సెకనుకు రెండున్నర వేల చుట్లకు పైగా తిరుగుతుంది. బొంగరానికి ములుకు ఒక పక్కకు దిగితే ఏమవుతుందో పిల్లలకు తెలుసు. గుండులో తొడుగు ఒక పక్క మందంగా, మరో పక్క పలచగా ఉన్నా అంతే. ఊగుతూ పోయి గురి తప్పుతుంది.

అమెరికాలో బెంచిమీద తుపాకీ ఆనించి గురి చూసే పోటీలున్నాయి. వాటికోసం 1951లోనే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. వంద గజాల దూరంలోని కాగితం మీద అయిదు గుండ్లు కొట్టి, వాటి మధ్య ఎడం కొలుస్తారు. ఆరితేరిన వారి అయిదు గుండ్లూ పావు అంగుళం లోపలే పడతాయి. వీరిలో చాలామంది తమ గుండ్లను తామే ఇంట్లో అచ్చుల మీద చేసుకుంటారు.

మన దగ్గర కూడా ఈ నొక్కుడు పనికి సంబంధించిన ఘనత ఒకటుంది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం సాధించారు. ఆ పోటీలో వాడేది నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం గుళిక. కొట్టవలసిన నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఆ గుళికలు కూడా సీసాన్ని అచ్చులో నొక్కి చేసేవే. చేయి ఎంత నిలకడగా ఉన్నా, గుళికకూ గుళికకూ తేడా ఉంటే గురి కుదరదు.

సీసం చేసే కీడు

ఈ కథకు మరో ముఖం కూడా ఉంది. ఓరోవిల్ ఉన్న కాలిఫోర్నియాలోనే కాండర్ అనే పెద్ద రాబందు జాతి ఉంది. వేటలో కొట్టిన జంతువు శరీరంలో గుండు చితికి సీసం తునకలు చెదురుతాయి. వదిలేసిన ఆ మాంసం తిన్న కాండర్లకు సీసం విషమై ఎక్కుతుంది. 1982 నాటికి ఆ పక్షులు ప్రపంచం మొత్తం మీద 22 మాత్రమే మిగిలాయి. పట్టి పెంచి, 1992 నుంచి తిరిగి అడవిలో వదలడంతో జాతి నిలిచింది గాని, వదిలిన పక్షుల చావుకు పెద్ద కారణం నేటికీ సీసమే. అందువల్ల కాలిఫోర్నియా ప్రభుత్వం 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసం గుండ్లను నిషేధించింది. పూర్తిగా రాగితో చేసిన గుండ్లు ఇప్పుడు వాటి స్థానంలో వచ్చాయి. మన రాబందులు తగ్గిపోవడానికి ప్రధాన కారణం పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు. కారణం వేరైనా నష్టం ఒకటే.

సీసం పక్షులకే కాదు, మనుషులకూ ముప్పే. పిల్లల రక్తంలో ఇంత వరకు సీసం ఉన్నా పరవాలేదు అని చెప్పగల పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఎదిగే పిల్లల మెదడును అది దెబ్బతీస్తుంది. గ్రామాలలో వలలకు గుళ్లు పోయడానికో, పాత బ్యాటరీల నుంచి తీసి అమ్మడానికో సీసం కరిగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఆ పని వంటింట్లోగాని, పిల్లలు తిరిగేచోటగాని చేయరాదు. వంట గిన్నెలు వాడరాదు. చేతులు సబ్బుతో కడుగుకోకుండా అన్నం ముట్టరాదు. పని బట్టలు విడిగా ఉతకాలి.

చట్టం మాట

అమెరికాలో సొంత వాడుకకు గుండ్లు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి చేసేవారికి మాత్రం 1968 నాటి చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాలే కాదు, వాటి భాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా 'మందుగుండు' కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారు చేయడం జైలు శిక్షకు గురిచేసే నేరం. అడవి పందుల బెడద నుంచి చేను కాపాడుకోవడానికే కదా అన్న వాదన దగ్గర పెట్టుకుని నాటు తుపాకీకి గుండ్లు పోసుకున్నా ఇదే వర్తిస్తుంది. పంట నష్టపోయిన రైతు అటవీ శాఖ అధికారులకు అర్జీ పెట్టుకోవడమే దారి.

ఓరోవిల్ లాండ్రీ గదిలో మొదలైన పని నుంచి మన చేతిపనివారు తీసుకోదగినది గుండు కాదు. పారవేసిన గొట్టాన్ని పనికి తెచ్చిన ఆలోచన, వందో వస్తువు కూడా మొదటి దానిలాగే రావాలన్న పట్టింపు. కొడవలి చేసే కమ్మరికైనా, బిందె చేసే కంచరికైనా పేరు తెచ్చేది ఆ పట్టింపే.