కోత రొమ్ముకు... వంపు వెన్నుకు

జొన్నరొట్టె కొట్టడం అరచేతి పనే అనుకుంటాం. కానీ వేణ్ణీళ్లు పోసిన పిండిని పిసకాలంటే పైశరీరం బరువంతా ముందుకు మోపాలి. రొట్టె పలచబడేకొద్దీ ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో తిప్పాలి. భుజం, రెక్క ఎముక, ఛాతీ కండరం మూడూ కలిసి ఆడితేనే అది గుండ్రంగా వస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుని కర్నూలు, కడప పల్లెలకు తిరిగొచ్చిన ఆడవాళ్లకు ఈ మూడింటితోనే పేచీ. కుట్లు మానతాయి. చెయ్యి మాత్రం పక్కటెముకలను వదిలి పైకి లేవనంటుంది. కొన్నాళ్లకు మెడ పట్టేస్తుంది, నడుము లాగుతుంది. ‘వయసు మీదపడింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెడతారు.

వయసు కాదు. చాలాసార్లు ఆ నొప్పికి మూలం ఛాతీమీదే ఉంటుంది.

రొమ్ము తీసేస్తే ఒకవైపు బరువు తగ్గి మనిషి పక్కకు ఒరుగుతుందన్న మాటలో కొంత నిజముంది, ముఖ్యంగా రొమ్ములు బరువుగా ఉన్నవాళ్లలో. అసలు లాగుడు మాత్రం మచ్చది. కోత మానేటప్పుడు అక్కడి కణజాలం బిగుసుకుంటుంది. రేడియేషన్ తోడైతే ఇంకా గట్టిపడుతుంది. దాంతో ఛాతీ కండరం కురచబడి భుజాన్ని ముందుకు గుంజుతుంది. భుజం వెంట రెక్క ఎముక జరుగుతుంది, పైవీపు గూనిలా వంగుతుంది. చూపు నిలపడానికి తల ముందుకు సాగుతుంది. ఈ లెక్కంతా సరిచేసే పని చివరికి నడుము మీద పడుతుంది. చంకలోని గ్రంథులు తీసినప్పుడు కొందరికి చర్మం కింద లాగి కట్టిన దారంలాంటి పోగులు తేలి, మోచేతి దాకా పట్టేస్తాయి. అక్కడి నరం దెబ్బతింటే రెక్క ఎముక వీపు మీద పైకి పొడుచుకొస్తుంది.

ఒకప్పటితో పోలిస్తే ఇప్పటి ఆపరేషన్ చాలా నయం. 1882లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్ముతోపాటు కింది ఛాతీ కండరాలనూ ఊడ్చేసేవారు. 1948లో లండన్ సర్జన్ డేవిడ్ పేటీ పెద్ద కండరాన్ని వదిలేసే పద్ధతిని ప్రకటించారు. కణితి మేరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో చూపించింది. కానీ మన దగ్గర చాలామంది గడ్డ ముదిరాకే ఆస్పత్రి మెట్లెక్కుతారు. అప్పుడు మొత్తం తీయక తప్పని పరిస్థితి ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు.

శరీరానికి సిగ్గు కూడా తోడవుతుంది. ఖాళీ కనబడకూడదని పైట ముందుకు లాక్కుని, భుజాలు ముడుచుకుని నడవడం అలవాటవుతుంది. ఎవరైనా తగులుతారేమోనన్న భయంతో బస్సులో చెయ్యి ఛాతీకి అడ్డంగానే ఉంటుంది. నెలల తరబడి అలా ఉంటే కండరాలకు అదే సహజమైపోతుంది. పోలండ్ పరిశోధకులు వీపు మీద వెలుతురు గీతలు పడేసి, ఫొటోలు తీసి, రొమ్ము తీసిన స్త్రీల నిలబడే తీరులో వచ్చిన తేడాలను కొలిచారు.

దీనికి మందు చవకైనదే: వ్యాయామం. బ్రిటన్‌లో 17 ఆస్పత్రుల్లో 392 మంది స్త్రీలపై జరిపిన ‘ప్రాస్పర్’ అధ్యయనం 2021లో వెలువడింది. భుజం ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువున్న వాళ్లకు ఆపరేషన్ అయిన 7 నుంచి 10 రోజుల్లోనే ఫిజియోథెరపిస్టు చేత వ్యాయామం మొదలుపెట్టిస్తే, ఏడాది తర్వాత చేతి పనితీరు మెరుగ్గా ఉంది, నొప్పి తగ్గింది. గోడ మీద వేళ్లతో పైకి పాకడం, రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా తేవడం లాంటి కసరత్తులకు యంత్రాలక్కర్లేదు. గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే చెయ్యి ఎంత పైకి వెళ్తోందో తెలిసిపోతుంది.

‘ఇక బరువెత్తొద్దు’ అనే పాత హెచ్చరికను ఇప్పుడు కొంచెం ఆలోచించి చెప్పాలి. చంక గ్రంథులు తీశాక చెయ్యి వాచిన స్త్రీల చేత క్రమంగా బరువులెత్తించినా వాపు పెరగలేదని 2009లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. క్రమంగా అన్నదే కీలకం. కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) వెళ్లే మనిషికీ, ఆదోని చుట్టుపక్కల పత్తి తీసే మనిషికీ ‘విశ్రాంతి తీసుకో’ అని రాసిస్తే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. ఎంత మూట, ఏ చంకన, ఎన్నాళ్ల తర్వాత అన్నది చెప్పాలి. పత్తికాయ మొన గుచ్చుకుని చిన్న గాయమైనా వాచే చేతికి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం, కాబట్టి వేళ్లకు గుడ్డ చుట్టుకోవడం కూడా వైద్యంలో భాగమే.

ఇక ఛాతీ మీద మిగిలే ఖాళీ సంగతి. బార్బీ బొమ్మను సృష్టించిన రూత్ హ్యాండ్లర్‌కు 1970లో రొమ్ము తీసేశారు. దుకాణాల్లో దొరికే కృత్రిమ రొమ్ములు నచ్చక, 1970ల మధ్యలో ‘నియర్లీ మీ’ పేరుతో తనే తయారీ మొదలుపెట్టింది. మన దర్జీలు జాకెట్లో కుట్టిచ్చే దూది సంచి ఆకారాన్నయితే ఇస్తుంది గానీ, బరువు లేక పైకి జరిగిపోతుంది. తగిన బరువుండి, లోపాడీలో నిలిచేది దొరికితే భుజాలు ముడుచుకునే అవసరం తగ్గుతుంది.

వైద్యం కోసం హైదరాబాద్‌కో, బెంగళూరుకో, వేలూరుకో బండి కట్టిన జిల్లాలివి. ఇప్పుడు కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఉంది, కడప రిమ్స్‌లో క్యాన్సర్ విభాగానికి భవనం వచ్చింది. ఆపరేషన్ దగ్గరైనప్పుడు ఫిజియోథెరపీ కూడా దగ్గరవ్వాలి. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్ల కింద ఫిజియోథెరపీ తేదీ కూడా రాసివ్వడానికి ఖర్చేమీ కాదు.

అన్ని నొప్పులూ ఒంటి వంపు వల్ల వచ్చేవి కావు. ముట్లుడిగిన వాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ఎముకలను పలచబరుస్తాయి. అందుకే ఎముకల సాంద్రత పరీక్ష అడిగి చేయించుకోవాలి. రొమ్ము క్యాన్సర్ పాకే చోట్లలో వెన్నెముక ఒకటి. పడుకున్నా తగ్గని, రాత్రి నిద్ర లేపే వెన్ను నొప్పి వస్తే మర్దన చేయించుకోకూడదు, పుత్తూరు కట్టుకు బయల్దేరకూడదు. నేరుగా క్యాన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే వెళ్లాలి.