తెడ్డు పట్టి నిలబడితే

చిక్కబళ్లాపురం జిల్లాకు సముద్రం లేదు. ఏడాది పొడుగునా పారే ఏరూ లేదు. నందికొండ చుట్టుపక్కల పుట్టే పెన్న, పాపఘ్ని, చిత్రావతి వానొస్తే పారతాయి, లేకుంటే ఇసుక పరుచుకుని ఉంటాయి. పారిన నీళ్లూ ఇక్కడ నిలవకుండా ఆంధ్రలోకి దిగిపోతాయి. ఇలాంటి మెరక సీమలో, బోర్డు మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే ఆట ముచ్చట ఎందుకని బాగేపల్లి సంతలో ఎవరైనా అడిగితే, చెప్పడానికి గట్టి కారణమే ఉంది. ఆ ఆట నేర్చుకునేవాళ్లెవరూ మొదట అలల్లోకి దిగరు. వాళ్లకు కదలని నీళ్లు కావాలి, గాలి లేవని తెల్లవారుజాము కావాలి, దిగడానికి రాళ్లు లేని ఒడ్డు కావాలి. కట్ట కట్టి వాన నీళ్లు పట్టుకునే విద్య తరతరాలుగా తెలిసిన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో చెరువో కుంటో లేని ఊరు వెతకాల్సిందే.

స్టాండప్ పాడిల్‌బోర్డింగ్ అన్నది పూర్తి పేరు. ఆడేవాళ్లు పొట్టిగా 'సప్' అంటారు. సర్ఫింగ్‌లో బోర్డు మీద బోర్లా పడుకుని చేతుల్తో నీళ్లు తోసుకుంటూ వెళ్లి, అల తోసినప్పుడు లేచి నిలబడతారు. ఇందులో మొదటినుంచీ నిలబడే ఉంటారు. చేతిలో మనిషి కంటే జానెడు పొడవైన తెడ్డు ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల బోర్డు పది, పదకొండు అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉంటుంది. పందెం బోర్డు 14 అడుగులు, వెడల్పేమో రెండు అడుగులు కూడా ఉండదు. గాలి కొట్టుకునే బోర్డులూ వచ్చాయి. పది కిలోలు తూగే ఆ బోర్డును చాపలా చుట్టి, వీపున తగిలించుకుని బస్సెక్కొచ్చు.

హవాయి దీవుల్లోని వైకికీ తీరంలో సర్ఫింగ్ నేర్పే కుర్రాళ్లు పడవ తెడ్డు పట్టుకుని బోర్డు మీద నిలబడి, శిష్యుల్ని కనిపెట్టుకుంటూ తిరగడం ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటి మాట. తర్వాత అది మరుగున పడింది. 1990ల చివర్లో సర్ఫర్లు లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా మళ్లీ తెడ్డు పట్టారు. 2012లో పెరూ రాజధాని లిమాలో అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం మొదటి ప్రపంచ పోటీ పెట్టింది. అదే లిమాలో 2019లో పాన్ అమెరికన్ క్రీడల్లోకీ ఈ ఆట చేరింది. ఇది సర్ఫింగ్ వాళ్లదా, కయాకింగ్ వాళ్లదా అని రెండు ప్రపంచ సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుకుని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లాయి. పోటీలు ఇద్దరూ పెట్టుకోవచ్చు, ఒలింపిక్స్ స్థాయిలో మాత్రం సర్ఫింగ్ సంఘానిదే బాధ్యత అని 2020లో తీర్పు వచ్చింది.

ముల్కి తీరాన

చింతామణిలో రాత్రి బస్సెక్కి, బెంగళూరులో మారి, ఘాట్ దిగితే తెల్లారేసరికి మంగళూరు. అక్కణ్నుంచి ఉత్తరంగా ముప్పై కిలోమీటర్ల లోపే ముల్కి. మొత్తం 400 కిలోమీటర్లు దాటే ప్రయాణమే అయినా, విశాఖ ఋషికొండ తీరం కంటే చాలా దగ్గరే. ఈ ఆట మీద మనసు పడ్డ మన ప్రాంతపు వాళ్లు ముందుగా చూడాల్సిన ఊరు ఇదే.

ముల్కిలో శాంభవి, నందిని నదులు పక్కపక్కనే వచ్చి, ససిహిత్లు దగ్గర కలిసి సముద్రంలో పడతాయి. నదీముఖం దగ్గర ఇసుక తిన్నె ఒక గోడలా అడ్డం ఉంటుంది. తిన్నెకు ఇటువైపు కొబ్బరి తోటల నడుమ నిశ్చలమైన నది, అటువైపు అల మీద అల. నేర్చుకునేవాడు ఒకే రోజు పొద్దున నదిలో నిలబడటం నేర్చి, సాయంత్రం సముద్రాన్ని పలకరించవచ్చు. ఈ వసతి మనదేశంలో చాలా తీరాలకు లేదు.

జాక్ హెబ్నర్ అనే అమెరికన్ సాధువు ఈ ఊళ్లో ఆశ్రమం పెట్టి, పక్కనే సర్ఫింగ్ నేర్పడం మొదలుపెట్టింది 2004లో. జనం ఆయన్ను 'సర్ఫింగ్ స్వామి' అన్నారు. అలా మొలిచిన మంత్ర సర్ఫ్ క్లబ్ దేశంలోని తొలి సర్ఫింగ్ బడుల్లో ఒకటి. 2016లో తొలి ఇండియన్ ఓపెన్ సర్ఫింగ్ పోటీ ససిహిత్లులోనే జరిగింది. 2024 మార్చిలో అదే ఇసుక మీద ఇండియా పాడిల్ ఫెస్టివల్ జరిగింది. సప్ పందేల్లో పెద్దపేరున్న ఏపీపీ వరల్డ్ టూర్ మనదేశంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఐరోపా నుంచి వచ్చిన ఛాంపియన్ల పక్కన మన బెస్త పల్లెల పిల్లలు వరసలో నిలబడ్డారు.

తన్వీ జగదీశ్ పేరు ఈ తీరం నుంచే బయటికొచ్చింది. ఆడపిల్ల ఎండలో, ఉప్పునీళ్లలో తిరగడం ఏమిటని ఇంట్లో మొదట ఒప్పుకోలేదు, తాతగారు మాత్రం వెనక నిలబడ్డారు. ఈ సంగతి ఆమే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకొంది. సర్ఫింగ్‌తో మొదలుపెట్టి తెడ్డు అందుకుంది. 2016లో ఫిజీలో జరిగిన ప్రపంచ సప్ పోటీలో భారత్ తరఫున దిగింది. మరుసటి ఏడాది అమెరికాలో కరోలినా కప్ పందెంలో మూడో స్థానంలో నిలిచింది. నీళ్లలోకి దిగిన ఆడపిల్లను చూసి నల్లబడిపోతావని బెదిరించే ఊరు ముల్కి ఒక్కటే కాదు. చిత్రావతి గట్టున ఉన్న పల్లెల్లోనూ ఆ మాట వినపడుతుంది. ఫిజీ, కరోలినా కంటే ముందు ఆమె దాటింది ఆ మాటనే. తన్వీ కథను బాగేపల్లి బడిపిల్లలకు చెప్పాలనిపించేది అందుకే. మగవాళ్ల పందేల్లో తమిళనాడుకు చెందిన శేఖర్ పచ్చై ఏళ్లుగా ముందు వరసలో ఉన్నాడు.

మోకాళ్ల నుంచి పాదాల మీదికి

మొదటిరోజు అనుభవం దాదాపు అందరిదీ ఒకటే. బోర్డును నడుము లోతు నీళ్లలోకి తీసుకెళ్లి, మధ్యలో పట్టుకునే పిడికి అటూ ఇటూ మోకాళ్లు పెట్టి కూర్చోమంటారు. అలా కూర్చునే నాలుగు తెడ్లు వేయిస్తారు. బోర్డు కదులుతున్నప్పుడు స్థిరంగా ఉంటుంది, ఆగితేనే ఊగుతుంది. అది ఒంటికి తెలియాలి. తర్వాత ఒక పాదం, ఆ వెంటనే రెండోది, మోకాళ్లు ఉన్న చోటే పెట్టి లేవాలి. లేచీ లేవగానే అందరూ చేసే పని పాదాల వంక చూడటం. చూశారా, నీళ్లలోనే. చూపు ఎదుటి గట్టు మీద ఉన్నంతసేపే నిలకడ.

మొదటి పావుగంటలో పిక్కలు వణుకుతాయి, పాదాలు తిమ్మిరెక్కుతాయి. బోర్డు నిలకడ కోసం అరికాలిలోని చిన్న చిన్న కండరాలన్నీ ఎడతెగకుండా పనిచేస్తుంటాయి మరి. పడటం కూడా నేర్పిస్తారు. బోర్డు మీద కాకుండా, దానికి దూరంగా, పక్కకు, వెల్లకిలా పడాలి. తలకిందులుగా దూకకూడదు, అడుగు ఎంత లోతుందో తెలియదు కాబట్టి. తిరిగి ఎక్కేటప్పుడు పిడి పట్టుకుని, కాళ్లు తపతపలాడిస్తూ పొట్టతో పాక్కుంటూ ఎక్కాలి.

తెడ్డు దగ్గర అసలు పాఠం మొదలవుతుంది. దాని ఆకు కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపు ముందుకు ఉండాలి. వచ్చినవాళ్లలో సగం మంది తిరగేసి పట్టుకుంటారు, చూడ్డానికి అదే సబబుగా తోస్తుంది. ఆకు పూర్తిగా మునిగాకే లాగాలి, పాదం దగ్గరికి రాగానే తీసేయాలి. అంతకంటే వెనక్కి లాగితే బోర్డు వేగం తగ్గడమే కాదు, పక్కకు తిరుగుతుంది. చేతుల్తో లాగేవాడు పది నిమిషాల్లో అలిసిపోతాడు. నడుము తిప్పి, పై చేత్తో కిందికి తోసేవాడు గంటసేపు పోతాడు. కవ్వం తిప్పే చేతులకు ఈ లయ తొందరగా పట్టుబడుతుంది.

గాలి లెక్క కూడా వంటబట్టాలి. నిలబడ్డ మనిషి ఒళ్లే తెరచాప. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురెళ్లి, ఒంట్లో సత్తువ తగ్గాక తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక ఉండేలా చూసుకోవాలి. మన మెరక ప్రాంతంలో ఆషాఢ గాలులు ఎలా ఈడ్చి కొడతాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో చెరువులో తెడ్డు వేసే మాటే వద్దు. అటు ముల్కిలోనూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ఎవర్నీ రానివ్వదు. చెరువులు నిండి, గాలి నెమ్మదించే కార్తీకం నుంచి మాఘం దాకా రెండు చోట్లా మంచి కాలం.

పందెం సంగతే వేరు. 200 మీటర్ల స్ప్రింట్‌లో ఊపిరి బిగబట్టి తెడ్డు వేస్తారు. సుదూర పందెంలో ఒకరి బోర్డు వెనక మరొకరి బోర్డు ముక్కు ఆనించినట్టుగా వరసగా పోతారు. ముందువాడు నీటిని చీల్చిపెడితే వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. వంతులవారీగా ముందుకు రావడం మర్యాద. చూసేవాళ్లకు కన్నుల పండుగ మాత్రం టెక్నికల్ రేసు. ఒడ్డునుంచి బోర్డు పట్టుకుని పరిగెత్తి, విరిగే అలల్ని దాటి, నీళ్లలో కట్టిన బోయా చుట్టూ తిరిగి రావాలి. బోయా దగ్గరకు రాగానే ఆటగాడు రెండు మూడు అడుగులు వెనక్కి వేస్తాడు. తోక మునుగుతుంది, ముక్కు గాల్లోకి లేస్తుంది. ఆ క్షణంలో ఒక్క పెద్ద తెడ్డు వేస్తే 14 అడుగుల బోర్డు ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మళ్లీ ముందుకు నాలుగు అడుగులు. అర సెకను ఆలస్యమైతే వెనకవాళ్ల బోర్డులు వచ్చి తగులుతాయి. పందేలు చాలాసార్లు తేలేది తిన్నటి దారిలో కాకుండా ఈ మలుపుల్లోనే.

పందెం లేకుండా తెడ్డు వేసేవాళ్లూ ఉన్నారు. శిల్పికా గౌతమ్ 2016లో తోటివాళ్లతో కలిసి హిమాలయాల నుంచి గంగాసాగర్ వైపు గంగ వెంట సప్ బోర్డు మీద ప్రయాణం కట్టింది. నదిలో పోగుపడుతున్న ప్లాస్టిక్ చెత్తను లోకానికి చూపించడం ఆ యాత్ర ఉద్దేశం. నీటికి జానెడు ఎత్తున నిలబడి రోజంతా గడిపేవాళ్లకు ఆ నీళ్ల బాగోగులు ఎవరూ చెప్పక్కర్లేదు.

బావులు ఎండాక

ఈ ఆటకు ఈత రావాలి. లైఫ్ జాకెట్ ఉన్నా, కాలికి బోర్డు తాడు ఉన్నా, ఈత రావాలి. మన ప్రాంతంలో చిక్కు ఇక్కడే ఉంది. ఒకప్పుడు వేసవి సెలవులంటే దిగుడు బావే. నడుముకు సొరకాయ బుర్ర కట్టి అన్నో మామో తోసేస్తే, సాయంత్రానికి పిల్లలు చేపలయ్యేవాళ్లు. బోర్లు వచ్చాక నీళ్లు వెయ్యి అడుగుల కిందికి పోయాయి. బావులు ఎండి, చెత్తతో పూడిపోయాయి. బావితోపాటు ఈత నేర్పే బడీ పోయింది. ఒక తరం మొత్తం నీళ్లంటే భయంతో పెరిగింది.

తీరా 2021 నవంబరు వానలకు చెరువులు నిండి మరవలు పారాయి, చిక్కబళ్లాపురం పట్టణ వీధుల్లోకీ నీళ్లొచ్చాయి. ఏళ్ల తర్వాత నిండిన చెరువుల్ని చూడ్డానికి జనం కట్టల మీదికి తరలివెళ్లారు. నిండిన చెరువు అందంగానే ఉంటుంది, కానీ మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు నీటి కింద కనపడవు. ఎండిన కాలంలో మొలిచిన సర్కారు తుమ్మ మోళ్లు కూడా కనపడవు. బోర్డు కింది రెక్క ఆ మోళ్లకు తగులుకుంటే మనిషి ముందుకు పడతాడు. కాలి తాడు చుట్టుకుంటే అంతకంటే ప్రమాదం. అందుకే ఇలాంటి నీళ్లలో నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడొచ్చే తాడు వాడాలి.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులు నింపే పథకాల్లో కోరమంగల-చల్లఘట్ట నీళ్లు 2018లో కోలారు వైపు వచ్చాయి. హెబ్బాళ-నాగవార నీళ్లు చిక్కబళ్లాపురం చెరువులకు మళ్లాయి. ఆ నీళ్లతో బోర్లలో ఊట పెరిగిందని సంతోషించే రైతులున్నారు. ఆ మాట కాదనలేం. అయితే శుద్ధి రెండో దశతోనే ఆపేస్తున్నారని, మూడో దశ కూడా చేసి తీరాలని శాశ్వత నీరావరి హోరాట సమితి ఏళ్లుగా పోరాడుతోంది. తెడ్డు పట్టినవాడి వైపు నుంచి చూస్తే సమితి అడిగేది న్యాయం. ఈ ఆటలో పడటం ఖాయం. పడ్డప్పుడు నోట్లోకి, ముక్కులోకి, కళ్లలోకి పోయేది ఆ నీళ్లే. చెరువు మీద గుర్రపుడెక్క అల్లుకుంటోందంటే నీళ్లలో పోషకాలు ఎక్కువయ్యాయని అర్థం. మనిషి మునగడానికి పనికిరాని నీళ్లు పశువుల కడుపులోకీ పోతున్నాయని మరిచిపోకూడదు.

తాగునీటి చెరువుల్ని ఆటకు అడగకూడదు. చిక్కబళ్లాపురానికి నీళ్లిచ్చే జక్కలమడుగు, బాగేపల్లి గొంతు తడిపే పరగోడు దగ్గరి చిత్రావతి ఆనకట్ట, చింతామణి కన్నంపల్లి చెరువు, వీటి జోలికి పోకపోవడమే మంచిది. గుడిబండ కోట మీద నుంచి కనిపించే అమాని భైరసాగరం లాంటి పెద్ద చెరువుల్లో, నీటిపారుదల శాఖ, పంచాయతీ, చేపల పాట పాడుకున్నవాళ్లు కలిసి కూర్చుంటే ఒక మూల తేల్చవచ్చు. ఎండాకాలంలో చెరువు అడుగు బయటపడ్డప్పుడే అక్కడి తుమ్మ మోళ్లు పెకలించి, గుంతలు గుర్తించి, లోతు తెలిసే రాళ్లు పాతాలి. ముందు రెండేళ్లు బోర్డు మాట ఎత్తకుండా బడిపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈత నేర్పాలి. తర్వాత ముల్కి నుంచి శిక్షకుల్ని పిలిపించవచ్చు, ఒక్క రాత్రి ప్రయాణమే. శుద్ధి చేసిన నీళ్లు వచ్చే ప్రతి చెరువు కట్ట మీదా నెలనెలా నీటి పరీక్ష ఫలితాలను అక్కడి జనం చదవగలిగే భాషలో, కన్నడంలోనూ తెలుగులోనూ, రాసి పెట్టాలని పంచాయతీలు ఈ వానాకాలం లోపే అడగాలి.