గుఱక సుఖనిద్రకు గుఱుతా?

గుఱకపెట్టి నిద్రించువారిని జూచి "ఎంత సుఖనిద్ర!" యని మురియుట మన యిండ్లలో వాడుక. కుంభకర్ణుని పేరు చెప్పి నవ్వుకొనుటయు గలదు. కాని యా ధ్వని, ఊపిరి యిఱుకుదారిని బోవుచున్నదనుటకు గుఱుతు.

నిద్రలో గొంతుక కండరములు సడలును. నాలుక మూలము, కొండనాలుక, టాన్సిలులు వీనిలో నేదైన దారి కడ్డుపడినచో గాలితాకున నచటి మెత్తని భాగము లదరును, అదియే గుఱక. కొందఱికి దారి పూర్తిగా మూసికొనిపోవును. 10 సెకండ్లు, ఒక్కొక్కప్పు డంతకంటె నెక్కువకాలము ఊపిరి యాడదు. రొమ్ము మాత్రము లేచి పడుచుండును. రక్తములో ప్రాణవాయువు తగ్గగనే మెదడు మేల్కొల్పగా, రోగి గట్టిగా ఊపిరి పీల్చి మరల నిద్రబోవును. తెల్లవారిన పిమ్మట నేమియు జ్ఞప్తియుండదు. దీనినే స్లీప్ ఆప్నియా యందురు. దీనివలన రక్తపుపోటు హెచ్చును. తఱచుగా దీనిని మొదట కనిపెట్టునది వైద్యుడు గాదు, ప్రక్కను మేలుకొనియుండు ఇల్లాలు. ముట్లుడిగిన స్త్రీలకును ఇది హెచ్చుగా వచ్చును. మన గుఱకను మనము సిగ్గుచే దాచుకొందుము గాన, ఉదయపు తలనొప్పి, తీఱని బడలిక యను పేరులతో నది మఱుగుపడుచున్నది.

వైద్యులు రాత్రియంతయు శరీరమునకు తీగెలు తగిలించి, గంట కెన్నిమాఱులు శ్వాస యడ్డుపడుచున్నదో లెక్కింతురు. పెద్దవారికి 5 లోపైన భయములేదు. 30 మొదలు తీవ్రము. మందుతో నిద్రపుచ్చి, ముక్కునుండి సన్నని గొట్టము పంపి, మూసికొను చోటు కన్నులార జూచు పద్ధతియు గలదు.

పిల్లల విషయము కొంచెము విస్తరించి వ్రాయదలచితిమి. రెండేండ్లు మొదలు ఎనిమిదేండ్లవఱకు టాన్సిలులును, ముక్కు వెనుకనుండు ఆడినాయిడ్లును గొంతుకకు మించి పెరుగుట కలదు. నోరు తెఱచి చూచినంతమాత్రమున ఆడినాయిడ్లు కనబడవు. నోటితో ఊపిరి పీల్చుట, మెడ వెనుకకు వంచి పండుకొనుట, నిద్రలో మిక్కిలి చెమర్చుట, ఈడు మీఱినను ప్రక్క తడుపుట వీని జాడలు. పెద్దలు పగలు తూగుదురు; పిల్లలు తఱచు నిలుకడలేక చిఱాకుపడుదురు. మా వారు బడిపంతులు. అట్టి బాలురకు "అల్లరివాడు", "మందమతి" యను బిరుదులు తగిలించుట సులభము. రాత్రి వాడెట్లు నిద్రించెనో యడుగువారరుదు.

అమెరికాలో 5 మొదలు 9 ఏండ్ల వయస్సుగల 464 మంది పిల్లలను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఈ కండలను తీయించినవారిలో నూటికి 79 మందికి ఏడునెలలలో నిద్రపరీక్ష సరిపడెను. ప్రవర్తనయు మెఱుగయ్యెను. తీయింపక కనిపెట్టియుండినవారిలోను 46 మందికి సరిపడెను. కావున భయపడి మానుటయు, తొందరపడి కోయించుటయు రెండును తగవు.

పెద్దల సంగతి వేఱు. 1981లో అమెరికాలో ఫ్యుజిటా యను వైద్యుడు కొండనాలుకను, అంగిటి మెత్తని అంచును కత్తిరించు పద్ధతిని ప్రకటించెను. ఆ యేడే ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ ముక్కునకు తొడుగు తగిలించి, ఒత్తిడితో గాలి పంపి, గొంతుక మూసికొనకుండ జేసెను. కత్తి యక్కఱలేని యీ సీపాప్ యంత్రమే నేటికిని ముందుగా జెప్పు చికిత్స. దారి మూయునది నాలుక మూలమైనచో, అంగిలి కోసిన లాభమేమి? స్థూలకాయులు బరువు తగ్గించుకొన్నను మేలే.

ఏ శస్త్రచికిత్సకైనను మత్తుమందిచ్చు వైద్యునితో గుఱకసంగతి ముందే చెప్పవలయును. టాన్సిలులు తీసినచోట తెల్లని పొర కట్టుట సహజము. పిల్లవాడు నొప్పియని మానినను నీరు త్రాగించుచుండవలెను. మొదటిదినముననే కాక, అయిదవనాటినుండి పదవనాటివఱకును నెత్తురు కాఱవచ్చును. నోట నెత్తురు కనబడినచో, తెల్లవారుదాక ఆగక, ఆ రాత్రియే ఆసుపత్రికి గొనిపోవలెను.